ఫోను లేదన్న ఉద్యోగం

కొల్లేటి లంకల్లో ఒక ఊరి హైస్కూల్లో నేను తొమ్మిదేళ్ళు సోషల్ చెప్పాను. కాపురం ఏలూరులో. పొద్దున్నే బస్సెక్కి చేపల చెరువుల గట్ల మీదుగా రేవు దాకా వెళ్ళి, అక్కడ పంటు ఎక్కి అవతలికి దాటేదాన్ని. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీదే మోటారు సైకిళ్ళు, చేపల మేత బస్తాలు, గేదెలు, టీచర్లు, అందరం. గుర్రపుడెక్క అడ్డం పడిన రోజుల్లో మొదటి పీరియడ్ కాస్తా దాటిపోయేది. ఊళ్ళో ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. "నీళ్ళు మీ మాట వింటాయేంటండీ" అనేవాళ్ళు.

ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడను పిల్లలు వంటక్క అనేవారు. వాళ్ళను చూసి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఎనిమిదో తరగతిలో బడి మానిపించి ఆమెకు పెళ్ళి చేశారు. భర్త చెరువుల మీద మేత చల్లే పనికి వెళ్ళేవాడు. ఒక్కతే కూతురు, మా బడిలోనే చదివేది. నేను ఆ ఊరు వెళ్ళిన మూడో ఏడు అనుకుంటాను, ఒకరోజు ఎసట్లో బియ్యం పోసి వచ్చి నా క్లాసు కిటికీ పక్కన నిలబడి పాఠం వింటూ కనబడింది. ఏంటమ్మా అని అడిగితే సిగ్గుపడింది.

"మాకు ఎనిమిదిలో ఇక్కడిదాకానే చెప్పేరండీ. ఆ తర్వాత ఏమైందో తెలుసుకుందామని" అంది.

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాను. అన్నం ఉడికేలోపు ఒక పాఠం, పప్పు ఉడికేలోపు ఒక పాఠం. మొదటిసారి లెక్కలు పోయాయి. రెండోసారి అన్నీ పాసైంది. ఆ మార్కుల కాగితాన్ని ఏలూరు తీసుకెళ్ళి లామినేషన్ చేయించుకుని వచ్చి మా స్టాఫ్ రూములో అందరికీ చూపించింది. అప్పటికి ఆమెకు ముప్పైమూడేళ్ళు.

ఆమెకు ఒకటే కోరిక ఉండేది. ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు పోస్టు చాలాకాలంగా ఖాళీగా ఉంది. పసిపిల్లలను ఆయా ఒక్కతే నెట్టుకొస్తోంది. ఆ పోస్టుకి ఆ ఊళ్ళో కాపురమున్న ఆడవాళ్ళే అర్హులు, పదో తరగతి పాసై ఉండాలి, ముప్పై ఐదు దాటకూడదు. మూడూ ఆమెకున్నాయి. "పొయ్యి ముందునుంచి లేచి పిల్లల ముందు కూర్చోవాలండీ. ఈ పొగకి కళ్ళు కనపడకుండా పోతున్నాయి" అనేది. ప్రతి సోమవారం వంట ముగించుకుని పంటు దాటి, బస్సెక్కి, అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు ఆఫీసుకి వెళ్ళి నోటిఫికేషన్ వచ్చిందా అని అడిగి వచ్చేది. అక్కడి గుమస్తా విసుక్కునేవాడు. "వస్తే నెట్‌లో పెడతామమ్మా, అక్కడ చూసుకో, ప్రతివారం రాకు" అన్నాడట.

నెట్ ఆ ఊళ్ళో ఎవరికుంది? టవరు అవతలి ఒడ్డున ఉండేది. చిన్న ఫోన్లు మాట్లాడుకోవడానికే. నెట్ వేయించుకున్నవాళ్ళు చెరువుల యజమానులు, వాళ్ళ గుమస్తాలు.

అలాంటి ఊరికి ఒక మాఘమాసంలో ఫోన్ కంపెనీ వాళ్ళు పంటు మీద దిగారు. కొత్త టవరు వేశారు. ఉచిత ఇంటర్నెట్ అని బ్యానరు తెచ్చి మా బడి ప్రహరీకి కట్టారు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ బ్రాంచి ఉంది, దాని మేనేజరే స్వయంగా వచ్చారు. ముప్పై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడు. మా సిమ్ వేసుకుంటే చాలండీ, జీవితాంతం నెట్ ఉచితం, రీఛార్జి అక్కర్లేదు అన్నారు. ఊరివాళ్ళు టీచర్ల మాట నమ్ముతారు కాబట్టి ఎవరైనా ఒకరు మాట్లాడాలన్నారు. మా హెడ్మాస్టారు నన్ను చూశారు.

నేను మాట్లాడాను. దాచను. బడి అరుగు మీద నిలబడి పావుగంట మాట్లాడాను. ఇకనుంచి ఢిల్లీలో ఉన్నవాళ్ళకీ మన లంకలో ఉన్నవాళ్ళకీ తేడా లేదన్నాను. వాళ్ళకు దొరికే సమాచారమే మీకూ దొరుకుతుందన్నాను. అంతా చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం చదువురాని ఆడవాళ్ళకు ఫారాలు నేనే నింపాను. కంపెనీవారు మా అందరికీ స్వీటు పొట్లాలిచ్చారు. మంచిపని చేశానన్న తృప్తితో ఇంటికొచ్చాను.

వంటక్క వాళ్ళ ఆయన ఎక్కడో సెకండ్ హ్యాండులో తెర ఉన్న ఫోను ఒకటి కొని తెచ్చాడు. దాన్ని పట్టుకుని ఆమె నా దగ్గరికొచ్చింది. తెరిస్తే ఒక పేజీ వచ్చేది. అందులో వరుసగా గడులు: క్రికెట్ స్కోరు, వాతావరణం, పిల్లల పెంపకం మీద సలహాలు, ఇంగ్లీషు డిక్షనరీ, ఒక వార్తల పేజీ, నలుగురూ కబుర్లు చెప్పుకునే చోటు, ఉద్యోగాలు. పైన వెతకడానికి ఒక గీత. నేను ఉద్యోగాల గడి నొక్కి, ఆమె చేత అంగన్‌వాడీ అని ఇంగ్లీషులో టైపు చేయించాను. స్పెల్లింగ్ ఒక కాగితం మీద రాసిచ్చాను. ఒక్కొక్క అక్షరం చూసి కొట్టింది. కాసేపు తిరిగి, నో రిజల్ట్స్ ఫౌండ్ అని వచ్చింది.

"ఏమందండీ?" అంది.

"ఇంకా రాలేదంటోందమ్మా. రోజూ ఇలాగే చూస్తూ ఉండు. వచ్చినరోజు ఇందులో కనబడుతుంది. ఇంక సోమవారం సోమవారం ఆ గుమస్తా చేత మాటలు పడక్కర్లేదు" అన్నాను.

ఆ అనువాదం నాది. నో రిజల్ట్స్ ఫౌండ్ అంటే ఇంకా రాలేదని ఏ డిక్షనరీలో ఉంది? ఎంఏ చదివి, పదిహేనేళ్ళు పాఠాలు చెప్పిన నేను ఆ మూడు మాటలకు అలా అర్థం చెప్పాను. నా నోట ఆ మాట వినబట్టే ఆమె ఆఫీసుకి వెళ్ళడం మానేసింది.

మానేసి, రోజూ పొద్దున పొయ్యి వెలిగించగానే ఫోను తెరిచేది. అంగన్‌వాడీ. నో రిజల్ట్స్ ఫౌండ్. కొన్ని వారాలకు కాగితం చూడక్కర్లేకపోయింది. నేను వరండాలో వెళుతుంటే, "ఇవాళ కూడా లేదందండీ" అని చెప్పేది. "వస్తుందిలేమ్మా" అనేదాన్ని.

ఏప్రిల్లో బడి మూసేశారు. నేను పదో తరగతి పేపర్లు దిద్దే పనికి ఏలూరులోనే ఉండిపోయాను. తర్వాత పెంటపాడులో మా అమ్మ దగ్గర పదిహేను రోజులున్నాను. ఆ రెండు నెలలూ లంక మొహం చూడలేదు.

జూన్లో బడి తెరిచిన రోజు పంటు దిగేసరికి వంటక్క రేవులోనే నిలబడి ఉంది. చేతిలో ఫోనుంది.

"మేడం గారూ, నోటిఫికేషన్ రాకుండా పోస్టు ఎలా ఇచ్చేరండీ?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. నాలుగురోజుల క్రితం ఆ ఊరి కోడలు ఒకమ్మాయి ఆర్డరు పట్టుకుని వచ్చి అంగన్‌వాడీలో చేరిందట. వంటక్క ఒక్కరోజు కూడా మానకుండా ఫోను చూసిందట. నా ఎదుటే మళ్ళీ కొట్టి చూపించింది. నో రిజల్ట్స్ ఫౌండ్. నిన్న చూసినా అదే, మొన్న చూసినా అదే.

"వీళ్ళు లోలోపల ఇచ్చుకున్నారండీ. బయటికి చెప్పకుండా ఇచ్చుకున్నారు" అంది. 

నాకు ఒళ్ళు మండిపోయింది. నిజమే అనుకున్నాను. ఆఫీసుల్లో అలాంటివి జరగవా? ఆ రోజు స్టాఫ్ రూములో, పంటు మీద, ఎవరు కనబడితే వాళ్ళకి ఆ మాటే చెప్పాను. ఆ కొత్తమ్మాయి అన్నయ్య మండలం టౌనులో నెట్ సెంటరు నడుపుతాడని ఎవరో అంటే, చూశారా, అందుకే అన్నాను. రెండు రోజుల్లో ఊరంతా ఆ అమ్మాయి లంచమిచ్చి ఉద్యోగం తెచ్చుకుందని అనుకుంది. అంగన్‌వాడీకి కొందరు తల్లులు పిల్లలను పంపడం మానేశారు. ఆ పుకారుకి నేనెంత సాయం చేశానో నాకు తెలుసు.

మూడోరోజు సెలవు పెట్టి వంటక్కను వెంటబెట్టుకుని ప్రాజెక్టు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు గారు నాకన్నా పెద్దావిడ. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"ఏ ప్రకటనా లేకుండా పోస్టులెలా భర్తీ చేశారండీ?" అన్నాను.

ఆవిడ తన కంప్యూటరు తెర మావైపు తిప్పారు. జిల్లా వెబ్‌సైటు. అందులో మే నెల నోటిఫికేషన్, మా లంక పేరుతో సహా. పెట్టిన రోజు, చివరి రోజు, దరఖాస్తు నమూనా, అన్నీ ఉన్నాయి. బయట బోర్డు మీద కూడా ఒక కాపీ వెలిసిపోయి వేలాడుతోంది.

"పదిరోజులు టైమిచ్చామండీ. మీ లంకనుంచి ఒక్కటే అప్లికేషన్ వచ్చింది. నాకూ ఆశ్చర్యమేసింది. ఈవిడ ప్రతివారం వచ్చి అడిగేది కదా, ఏమైపోయిందా అనుకున్నాను" అన్నారు.

వంటక్క ఆ తెరవైపు, తన చేతిలో ఫోనువైపు చూసింది. "మరి నా ఫోన్లో లేదందండీ" అంది మెల్లిగా.

ఆ ఆఫీసు బల్లమీదే ఆమె ఫోను తీసుకుని జిల్లా వెబ్‌సైటు పేరు నేను కొట్టాను. అప్పుడు మొదటిసారి వేరే మాట వచ్చింది. ఈ పేజీ మీ ఉచిత సేవలో లేదు, చూడాలంటే డేటా ప్యాక్ వేయించుకోండి అని.

అంటే నాలుగు నెలలపాటు ఆమె వెతికింది నెట్‌లో కాదు. ఆ కంపెనీ తనకు నచ్చిన కొన్ని పేజీలను ఏరి ఒకచోట పెట్టింది. ఆ కాసిని పేజీల్లోనే వెతికింది. ఆ ఉద్యోగాల గడిలో ఒక ప్రైవేటు కంపెనీ పెట్టిన సేల్స్ ఉద్యోగాలు, సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలు తప్ప ఇంకోటి ఎప్పుడూ లేదు, ఉండబోదు. సర్కారు నోటిఫికేషన్ ఒక్కటైనా అందులోకి వచ్చే దారే లేదు. అయినా, ఇది మా దగ్గర దొరకదమ్మా, వేరేచోట అడుగు అని ఒక్కరోజు కూడా అనలేదు. లేదు అంది. రోజూ అదే మాట.

బయట బస్సుకోసం నిలబడ్డప్పుడు నేనామెకు ఇదంతా చెప్పాను. నేను చెప్పిన అర్థం తప్పని కూడా చెప్పాను. ఏడుస్తుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. బస్సెక్కాక మాత్రం, "మీరు చెప్పకపోతే సోమవారాలు వెళ్ళేదాన్నండీ" అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ నాలో ములుకులా ఉంది.

ఆ తర్వాత వచ్చిన సోమవారం బడికి ఏదో సెలవు వచ్చింది. మేమిద్దరం ఏలూరులో పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఫోన్ కంపెనీ బ్రాంచిలో ఆ మేనేజరు గారే ఉన్నారు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడి కాఫీ తెప్పించారు. జరిగిందంతా వరసగా చెప్పాను. ఆయన నొచ్చుకున్నట్టే మొహం పెట్టి విన్నారు.

"మేడం, మేము ఇస్తున్నది బేసిక్ సర్వీసండీ. మొత్తం నెట్ ఫ్రీగా ఇవ్వాలంటే ఏ కంపెనీకి కుదురుతుంది చెప్పండి?"

"మీ బ్యానరు మీద బేసిక్ అని లేదండీ. ఉచిత ఇంటర్నెట్ అని ఉంది. అది చదివే నేను అరుగెక్కాను."

"టర్మ్స్‌లో ఉందండీ."

"ఏ భాషలో ఉందండీ?"

ఆయన కాఫీ కప్పు నావైపు జరిపారు. "ఏమీ లేనివాళ్ళకి కొంచెమైనా ఉండడం మంచిదే కదండీ" అన్నారు.

"ఏమీ లేనప్పుడు ఈమె బస్సెక్కి వెళ్ళి అడిగేదండీ. మీరు ఆ కొంచెం ఇచ్చాక వెళ్ళడం మానేసింది. మీ సిమ్ రాకపోయి ఉంటే ఈవేళ ఈమెకు ఉద్యోగముండేది."

ఆయనకు కాస్త కోపం వచ్చింది. అయినా మర్యాద తప్పలేదు. "దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదంటారు కదండీ పెద్దవాళ్ళు" అన్నారు నవ్వుతూ.

"మేం పళ్ళెంచడం లేదండీ. మీరిచ్చింది ఆవు కాదంటున్నాం" అన్నాను. నా గొంతు పెరిగింది. కౌంటర్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చున్న వంటక్క, కాఫీ ముట్టుకోకుండా, ఆయన్ని నేరుగా అడిగింది. "బాబుగారూ, నాదొక్క మాటండీ. తెలియనప్పుడు నాకు తెలియదు అని చెప్పొచ్చు కదండీ ఫోను. లేదు అని ఎందుకు చెప్పిందండీ?"

"అది సిస్టమ్ మెసేజమ్మా. మేం రాసేది కాదు."

"ఎవరు రాసేరండీ మరి?"

ఆయన పైన ఎక్కడో ఉంటారన్నట్టు చెయ్యి ఊపారు. ఫిర్యాదు రాసివ్వమన్నారు. రాసిచ్చాం. పదిరోజులకు నా ఫోనుకి ఇంగ్లీషులో మెసేజి వచ్చింది. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది అని.

పరిష్కరించబడింది. ఆ మాట చూసిన రోజు నేను అన్నం తినలేదు.

అంగన్‌వాడీలో చేరిన ఆ కొత్తమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి నాకు ఇంకో వారం పట్టింది. సిగ్గు. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. అన్నయ్య నెట్ సెంటర్లో నోటిఫికేషన్ చూసి ఫోన్ చేశాడు, ఈమె అప్లికేషన్ పెట్టింది, అంతే. నేను వెళ్ళేసరికి ముగ్గురే ముగ్గురు పిల్లలను ముందు కూర్చోబెట్టుకుని పాట నేర్పిస్తోంది. తప్పు నాది, నీ గురించి అనరాని మాట అన్నానని చెప్పాను. తలవంచుకుని విని, "మీరు ఊళ్ళో చెప్పండి మేడం గారూ. నాకు చెప్పి ఏం లాభమండీ" అంది. నిజమే. ఆగస్టు పదిహేను జెండా ఎగరేశాక అదే అరుగు మీద నిలబడి ఊరందరికీ చెప్పాను. ఆ ఫోను గురించి నేను చెప్పింది తప్పు, ఈ అమ్మాయి గురించి అన్నది ఇంకా పెద్ద తప్పు అన్నాను. పిల్లలు మళ్ళీ అంగన్‌వాడీకి రావడం మొదలైంది. కానీ మా హెడ్మాస్టారు మాత్రం నామీద విసుక్కున్నారు. "ఎందుకండీ కంపెనీతో గొడవ? ఉన్నది కూడా పోతుంది" అన్నారు.

అది అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ చలికాలంలో ఊళ్ళో ఆ సిమ్ ఉన్నవాళ్ళందరి ఫోన్లలో పేజీ తెరవగానే ఒక ప్రశ్న రావడం మొదలైంది. ఉచిత ఇంటర్నెట్ కొనసాగాలా? మీ మద్దతు తెలపండి. కింద పెద్ద బొత్తాం. నొక్కేదాకా పేజీ ముందుకు కదిలేది కాదు. వద్దు అనే బొత్తాం ఎక్కడా లేదు. ఎవరైనా నొక్కుతారు. వంటక్క కూడా నొక్కింది.

"వద్దంటామేంటండీ? కూతురు డిక్షనరీ చూసుకుంటుంది" అంది నాతో.

ఏలూరులో నేను రీఛార్జి చేయించుకునే సెల్‌ఫోన్ షాపు సాయిబుగారిది. వాళ్ళ నాన్నగారి కాలంలో గడియారాల రిపేరు షాపు అది. ఒకరోజు వంటక్క ఫోను చార్జింగు పిన్ను పాడైతే నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పిన్ను మార్చి, అన్నీ పని చేస్తున్నాయా అని నొక్కి చూస్తూ ఆయన ఆగారు.

"ఏవండీ, ఈవిడ ఢిల్లీకి ఉత్తరం రాసిందాండీ?"

"ఢిల్లీకా? ఈమెకు ఢిల్లీలో ఎవరున్నారండీ?"

ఆయన ఫోను నా చేతికిచ్చారు. పంపిన ఉత్తరం కాపీ అందులో ఉండిపోయింది. ఆ బొత్తాం నొక్కినప్పుడు ఆమె పేరుతో ఫోన్ల రూల్సు చూసే పెద్ద ఆఫీసుకి ఒక ఉత్తరం వెళ్ళింది. మంచి ఇంగ్లీషు. అందులో వంటక్క అంటోంది, ఈ ఉచిత సేవ నా జీవితాన్ని మార్చివేసిందని. ఇది పేదలకు ఉద్యోగాలు, చదువు అందిస్తోందని. దీన్ని ఆపాలనుకునేవాళ్ళు పేదల శత్రువులని.

షాపులో స్టూలు లాక్కుని మొదటినుంచీ మళ్ళీ చదివాను. సాయిబుగారు మంచినీళ్ళిచ్చారు. "రోజుకి నలుగురైదుగురివి చూస్తున్నానండీ ఇలాంటివి. అందరిదీ ఒకటే ఉత్తరం. పేర్లే వేరు. ఇలాంటి సేవలు ఉంచాలా వద్దా అని ఆ ఆఫీసు జనాన్ని అడుగుతోందటండీ" అన్నారు.

ఒకరి నోట్లో అన్నం లాక్కోవడం ఒకటి. లాక్కుని, కడుపునిండిందని వాళ్ళచేత రాయించుకోవడం ఇంకొకటి. అంత పెద్ద కంపెనీకి మా లంకలో పొయ్యి ఊదుకునే మనిషి సంతకం కావలసివచ్చింది. అడిగి ఉంటే ఆమె చెప్పేది. ఎవరూ అడగలేదు. ఆమెకు రాని భాషలో ఆమె మాట రాసేసి ఆమె పేరు పెట్టి పంపించారు.

మర్నాడు వంట షెడ్డులో ఆ ఉత్తరం ఆమెకు ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పాను. ఈసారి జాగ్రత్తగా, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పాను. నా జీవితాన్ని మార్చివేసింది అన్నచోట ఆమె గరిటె పక్కన పెట్టింది.

"మార్చిందండీ. అదొక్కటీ అబద్ధం కాదు" అంది. పొయ్యిలో పుల్ల ముందుకు తోసి, "మనం ఇంకో ఉత్తరం రాయకూడదాండీ?" అంది.

రాసింది. నేను రాయలేదు, ఆమే రాసింది. పిల్లల రూళ్ళ కాగితాల మీద, తెలుగులో, నాలుగు పేజీలు. సోమవారాల సంగతి, రోజూ పొద్దున వెతకడం, ఆఫీసులో తెర తిప్పి చూపించడం, అన్నీ రాసింది. చివర, ఇంతకు ముందు నా పేరుతో మీకు వచ్చిన ఉత్తరం నేను రాయలేదు అని రాసి సంతకం చేసింది. ఏలూరు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టరు చేశాం. కొన్నాళ్ళకు అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. దానిమీద ఎవరిదో గజిబిజి సంతకం. ఆ ఉత్తరం ఎవరైనా చదివారో, అక్కడ తెలుగు చదవగలిగిన వాళ్ళున్నారో లేదో మాకు తెలియదు.

చలి వెళ్ళేసరికి, కొన్ని పేజీలే ఏరి ఉచితంగా చూపించే సేవలు దేశంలో ఎక్కడా ఇవ్వకూడదని ఢిల్లీలో రూలు పెట్టారు. పేపర్లో చదివి నేను సంతోషించాను. మా లంకలో ఎవరూ సంతోషించలేదు. ఒకరోజు పొద్దున ఆ గడుల పేజీ మాయమైంది, అంతే. మగవాళ్ళకు క్రికెట్ స్కోరు పోయింది. పిల్లలకు డిక్షనరీ పోయింది. టీచరమ్మ ఉత్తరాలు రాయించి నెట్ తీయించేసిందని నన్ను రేవులో ఒకావిడ నిలదీసింది. ఆవిడకేం చెప్పను? అప్పుడు ఇచ్చినవాళ్ళూ అడిగి ఇవ్వలేదు, ఇప్పుడు తీసినవాళ్ళూ అడిగి తీయలేదు. ఏలూరులో నెట్ ఉన్న మా పక్కింటివాళ్ళు ఆ రూలు వచ్చినందుకు గెలిచినట్టు మాట్లాడారు. మరి లంకకి అసలు నెట్ ఎప్పుడొస్తుందని నేనంటే, వస్తుందిలెండి అన్నారు. చవక డేటా వచ్చి ఊళ్ళో అందరూ సొంతంగా వేయించుకోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

వంటక్క మళ్ళీ సోమవారాలు వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ మరుసటేడు మా లంకలోనే అవతలి పేటకు ఇంకో అంగన్‌వాడీ మంజూరైంది. నోటిఫికేషన్ బోర్డు మీద అంటిస్తున్నప్పుడే ఆమె అక్కడుంది. గుమస్తా చేతిలో జిగురు ఇంకా తడిగానే ఉందట. ముందు వయసు గీత చదివింది. ముప్పై ఐదు దాటి ఆమెకు నాలుగు నెలలైంది. ఆఫీసరు గారు తనకు చేతనైనంత అడిగి చూశారు. పైవాళ్ళు కుదరదన్నారు. ఆ పోస్టు ఇంకెవరికో వచ్చింది. వంటక్క ఇప్పటికీ అదే బడిలో వండుతోంది. గ్యాసు వచ్చింది కాబట్టి పొగ లేదు. కళ్ళు మాత్రం పాడైపోయాయి, దళసరి అద్దాలు పెట్టుకుంటుంది.

నేను బదిలీ మీద పెదపాడు వైపు బడికి వచ్చేశాను. ఈమధ్య ఏలూరులో టీచర్లందరికీ డిజిటల్ అక్షరాస్యత మీద ఒకరోజు క్లాసు పెట్టారు. ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దమనిషి గోడమీద బొమ్మలు వేసి చెబుతున్నారు. పల్లెల్లో ఆడవాళ్ళకు ఇంటర్నెట్ అందినా ఉపయోగించుకోవడం రాదు, అసలు సమస్య వాళ్ళ అవగాహనే అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఇదంతా చెప్పాను, కొంచెం వేగంగా, కొంచెం తడబడుతూ. ఆమెకు ఉపయోగించుకోవడం వచ్చండీ, ఆమెకిచ్చినదాన్లోనే నిజం లేదు అన్నాను. వెనకనుంచి ఎవరో, కూర్చోండి మేడం, టీ టైమైంది అన్నారు.

ఆయన ఓపిగ్గా విని, "మంచి పాయింటండీ, నోట్ చేసుకుంటాను" అన్నారు. ఆయన చేతిలో పెన్ను లేదు, ముందు కాగితం లేదు.

"తెచ్చుకోండి, నిలబడే ఉంటాను" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరినో అడిగి కాగితం తెప్పించుకున్నారు. నేను మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన రాసుకున్నారు.